పంట సొమ్ముకు పట్టు క్రొత్త చీడ
అనుమతి లేని ఆన్‌లైన్ ట్రేడింగు బ్రోకర్లు: గుర్తింపు, నివారణ, నష్టము జరిగినపుడు చేయవలసిన పనులు

పత్తి, మిరప, పసుపు అమ్మగా వచ్చిన సొమ్ము రైతు ఖాతాలో నిలుచునది కొద్ది నెలలు మాత్రమే. తొలకరి పడగానే అది విత్తనములకు, ఎరువులకు, కూలీలకు, కౌలుకు, పాత బాకీలకు తరలిపోవును. ఈ నడుమ కాలములో ఖాతాలో నిలిచిన సొమ్ము లాభము కాదు, రాబోవు పంటకు పెట్టుబడి. అది పోయినచో రైతు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవలసి వచ్చును; లేదా నగలో, పొలమో తాకట్టు పెట్టవలసి వచ్చును. ఒక్క ఏడు సొమ్ము పోయిన కుటుంబము తేరుకొనుటకు మూడు నాలుగేండ్లు పట్టుట మనము ఎరుగనిది కాదు.

ఈ సొమ్ముపై నేడొక క్రొత్త చీడ పడుచున్నది. “మీ డబ్బును షేరు మార్కెట్టులో పెట్టి రెట్టింపు చేసి ఇచ్చెదము” అని సెల్ ఫోను ద్వారా వచ్చు దొంగ బ్రోకర్లే ఆ చీడ. చదువు రానివారే మోసపోవుచున్నారనుకొనుట పొరపాటు. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, ఇంజనీర్లు, వైద్యులు కూడ ఇందులో సొమ్ము పోగొట్టుకొనిన ఉదంతములు కలవు. పురుగును గుర్తించుటకు దాని గ్రుడ్డు, లద్దె, రెక్కల పురుగు దశలను తెలిసికొనినట్లే ఈ మోసము దశలను కూడ తెలిసికొనవలెను. మొదటి దశలో గుర్తించినచో నష్టము లేదు. చివరి దశలో గుర్తించినచో చేయదగినది స్వల్పము.

సక్రమమైన మార్కెట్టు నడచు తీరు

దొంగ సరుకును పట్టుకొనవలెనన్న ముందు మంచి సరుకు ఎట్లుండునో తెలియవలెను.

మన దేశములో షేర్ల వ్యాపారమును అదుపు చేయు సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ బోర్డ్ ఆఫ్ ఇండియా. దీనినే క్లుప్తముగా సెబీ అందురు. ఇది 1988లో ఏర్పడినది. 1992లో పార్లమెంటు చేసిన చట్టముతో దీనికి పూర్తి అధికారములు వచ్చినవి. వ్యవసాయోత్పత్తుల ముందస్తు వ్యాపారమును పూర్వము వేరొక కమీషను చూచుచుండెడిది. అది 2015 సెప్టెంబరు 28న సెబీలో విలీనమైనది. కావున నేడు షేర్లకైనను, పసుపు, పత్తి వంటి సరకుల ఫ్యూచర్సు వ్యాపారమునకైనను అనుమతి ఇచ్చునది సెబీయే.

బ్రోకరుగా పనిచేయు ప్రతివారును సెబీ వద్ద నమోదు కావలెను. మార్కెట్టు యార్డులో లైసెన్సు లేనివాడు కమీషను వ్యాపారము చేయరాదు గదా, ఇదియు అట్టిదే. నమోదైన బ్రోకరుకు ‘ఐ.ఎన్.జెడ్.’ అను అక్షరములతో మొదలై తొమ్మిది అంకెలు గల సంఖ్య ఉండును. పెట్టుబడి సలహాదారుకు ‘ఐ.ఎన్.ఎ.’, షేర్ల పరిశోధన జేసి సలహా చెప్పువారికి ‘ఐ.ఎన్.హెచ్.’ అను అక్షరములతో సంఖ్యలుండును.

కొనిన షేర్లు బ్రోకరు జేబులో ఉండవు. అవి కొనినవాని పేరుతో నున్న డీమ్యాట్ ఖాతాలో ఉండును. ఈ ఖాతాల లెక్కలను ఎన్.ఎస్.డి.ఎల్., సి.డి.ఎస్.ఎల్. అను రెండు సంస్థలు భద్రపరచుచున్నవి. ధాన్యము గిడ్డంగిలో నుండి, రసీదు రైతు వద్ద నున్నట్లుగా దీనిని భావింపవచ్చును. వ్యాపారము జరిగిన ప్రతిసారి బ్రోకరు 24 గంటలలోపల కాంట్రాక్టు నోటు అను పత్రమును పంపవలెను. యార్డులో మనకిచ్చు తక్‌పట్టీ వంటిదే ఇది. ఏ షేరు, ఎన్ని, ఏ ధరకు, కమీషను ఎంత, పన్ను ఎంత అను వివరములన్నియు అందులో ఉండును. ఎక్స్ఛేంజి నుండి కూడ ఫోనుకు సందేశము వచ్చును.

సక్రమమైన ఈ మార్కెట్టులో కూడ నష్టము లేకపోలేదు. 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో షేర్ల ఫ్యూచర్సు, ఆప్షన్ల వ్యాపారము చేసిన వ్యక్తుల లెక్కలను సెబీ పరిశీలించి 2024 సెప్టెంబరులో ప్రకటించినది. వారిలో నూటికి 93 మందికి నష్టమే వచ్చినది. వారి నష్టము మొత్తము 1 లక్ష 80 వేల కోట్ల రూపాయలకు పైబడినది. అనుమతి గల చోటనే ఇట్లున్నపుడు, “నష్టము రానే రాదు” అని ఒకడు వాట్సాప్‌లో చెప్పుచున్నాడనిన, వాడు చేయుచున్నది షేర్ల వ్యాపారము కాదని తెలిసికొనవలెను.

మోసము వ్యాపించు విధానము

మొదటి దశ: ఎర. ఫేస్‌బుక్కులోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఒక ప్రకటన వచ్చును. అందులో పేరుపొందిన వ్యాపారవేత్తయో, మంత్రియో మాటలాడుచున్నట్లు కనబడును. ఆ ముఖము, ఆ కంఠము కంప్యూటరుతో కల్పించినవి. ప్రకటనను తాకినచో ఒక వాట్సాప్ లేక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చుకొందురు.

రెండవ దశ: నమ్మకము కలిగించుట. గ్రూపులో ‘ప్రొఫెసర్’ అనో, ‘సార్’ అనో ఒక గురువు ఉండును. అతనికి ఒక సహాయకురాలు ఉండును. ప్రతిదినము ఉదయము పాఠము, సాయంకాలము లాభముల లెక్క. నూరు మంది సభ్యులు “నాకింత వచ్చింది”, “థాంక్యూ సార్” అని వ్రాయుచుందురు. ఈ నూరు మందిలో నిజమైన మనుష్యులు ఇద్దరో ముగ్గురో. తక్కిన పేర్లన్నియు ఆ ముఠా నడుపుచున్నవే. తాను నూరు మంది నడుమ నున్నాననుకొను రైతు నిజమునకు ఒంటరి.

మూడవ దశ: నకిలీ యాప్. ఒక లింకు పంపి యాప్ దింపుకొనుమందురు. అది చూచుటకు అసలు బ్రోకరు యాప్ వలెనే ఉండును. పేరుపొందిన సంస్థ పేరులో ఒక్క అక్షరము మార్చియో, యథాతథముగనో పెట్టుదురు. సొమ్మును మాత్రము ఎవరో వ్యక్తి ఖాతాకో, సంబంధము లేని దుకాణము పేరుతో నున్న ఖాతాకో పంపుమందురు. ఒక్కొక్క పర్యాయము ఒక్కొక్క ఖాతా సంఖ్య ఇచ్చెదరు.

నాలుగవ దశ: లాభము చూపుట. యాప్ తెరపై సొమ్ము దినదినము పెరుగుచుండును. ఆ తెరపై కనబడు అంకెలు వారు తమ చేతితో వ్రాసినవే. అక్కడ ఏ షేరును ఎవరును కొనలేదు. రైతు పంపిన సొమ్ము కొద్ది నిమిషములలోనే నాలుగైదు ఖాతాలు మారి, నగదుగనో, క్రిప్టో నాణెములుగనో మారిపోయినది.

అయిదవ దశ: పిండుట. సొమ్ము వెనుకకు తీసికొనబోయినపుడు “పన్ను కట్టవలెను”, “ఖాతా స్తంభించినది, విడిపించుటకు రుసుము చెల్లింపుడు”, “మీకు క్రొత్త కంపెనీ షేర్లు ఎక్కువ కేటాయింపబడినవి, తక్కిన సొమ్ము కట్టకున్న కేసు పడును” అని చెప్పుదురు. కట్టిన కొలది క్రొత్త కారణము పుట్టును. చివరకు ఫోను పలుకదు.

ఒక లెక్క చూతము

ఒక రైతు మిరప అమ్మిన సొమ్ములో నుండి పరీక్షకై 5,000 రూపాయలు పంపెననుకొందము. నాలుగు రోజులకు 6,200 రూపాయలు నిజముగనే అతని ఖాతాకు తిరిగి వచ్చినవి. ఈ 1,200 రూపాయలు గాలమునకు గ్రుచ్చిన వానపాము. నమ్మకము కుదిరి అతడు 50,000 పంపెను. తరువాత 2,00,000 పంపెను. తెరపై 9,40,000 కనబడినది. తీసికొనబోగా నూటికి 20 చొప్పున పన్ను ముందుగా కట్టవలెననిరి. అది 1,88,000 రూపాయలు. తొమ్మిది లక్షలు వచ్చునను ఆశతో అతడు అప్పు చేసి దానిని కూడ కట్టెను. ఇక జవాబు లేదు.

అతడు పంపినది మొత్తము 4,43,000. తిరిగి వచ్చినది 6,200. నష్టము 4,36,800 రూపాయలు. ఇందులో మూడవ వంతునకు పైగా పోయినది షేర్ల ఆశతో కాదు, ‘పన్ను’ అను మాటను నమ్ముటచేత. వ్యవసాయాదాయముపై ఆదాయపు పన్ను లేదు గనుక పన్ను చెల్లించు పద్ధతి చాలమంది రైతులకు పరిచయము లేదు. దొంగలకు ఇది అనుకూలించుచున్నది. లాభముపై పన్ను ఉన్నచో దానిని తన పాన్ సంఖ్యపై ప్రభుత్వమునకు చెల్లించుకొనవలసినది రైతే. బ్రోకరు ఖాతాకు పన్ను పంపు పద్ధతి లేనే లేదు.

ఇట్టి సందర్భములో ఒక్క ప్రశ్న చాలును: “ఆ పన్నును నా లాభములోనే మినహాయించుకొని మిగిలినది పంపండి.” నిజమైన సొమ్ము ఉన్నచోట ఇందుకు అభ్యంతరము ఉండదు. దొంగ ఒప్పుకొనలేడు, ఏలయన మినహాయించుకొనుటకు అక్కడ సొమ్మే లేదు.

దినమునకు నూటికి 5 చొప్పున లాభమను మాటను కూడ లెక్కవేసి చూడవలెను. లాభమును అందులోనే ఉంచుచు పోయినచో లక్ష రూపాయలు 60 రోజులలో 18 లక్షల 67 వేలు కావలెను. 200 రోజులలో 172 కోట్లు దాటవలెను. ఇట్టి చెట్టు తెలిసినవాడు దానిని తన పెరటిలో నాటుకొనును గాని, ముక్కు మొగము తెలియని మన ఇంటికి విత్తనము మోసికొని రాడు.

గుర్తింపు చిహ్నములు

ఈ క్రింది వానిలో ఒక్కటి కనబడినను సొమ్ము పంపరాదు.

1. ఇంత లాభము తప్పక వచ్చునని మాట ఇచ్చుట. నమోదైన బ్రోకరు ఎవరును అట్టి హామీ ఇయ్యరాదు.

2. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా పిలుచుట. పంపిన లింకు నుండియే యాప్ దింపుకొనుమనుట. అట్లని ప్లే స్టోరులో కనబడినంత మాత్రమున యాప్ మంచిదని కూడ అనుకొనరాదు. అక్కడ కూడ నకిలీలు చొరబడిన సందర్భములు కలవు.

3. సొమ్మును వ్యక్తుల ఖాతాలకు, లేదా సంబంధము లేని పేర్లు గల ఖాతాలకు పంపుమనుట.

4. ‘విదేశీ సంస్థల ఖాతా’, ‘ఇన్‌స్టిట్యూషనల్ ఖాతా’ ద్వారా తక్కువ ధరకు షేర్లు ఇప్పింతుమనుట, డీమ్యాట్ ఖాతా అక్కరలేదనుట. విదేశీ పెట్టుబడిదారుల మార్గము, కొద్ది మినహాయింపులు తప్ప, మన దేశములో నివసించువారికి లేదని సెబీ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించియున్నది.

5. కాంట్రాక్టు నోటు రాకపోవుట. ఎక్స్ఛేంజి నుండి సందేశము రాకపోవుట.

6. సొమ్ము తీసికొనుటకు ముందుగా సొమ్ము కట్టుమనుట.

7. “ఇంట్లో చెప్పవద్దు”, “బ్యాంకువారు అడిగినచో ఇల్లు కట్టుకొనుటకని చెప్పుడు” అని నేర్పుట. నిజమైన వ్యాపారమునకు ఈ దాపరికము ఎందులకు?

8. తెరను పంచుకొను యాప్ వేయించి, ఫోనును తామే నడిపెదమనుట, ఓ.టి.పి. అడుగుట.

సొమ్ము పంపుటకు ముందు పరీక్షలు

విత్తనపు సంచి కొనునపుడు సర్టిఫైడ్ విత్తనమునకు నీలిరంగు చీటీ ఉన్నదా యని చూచెదము. కాని చీటీని కూడ దొంగతనముగా అచ్చువేయవచ్చును. అందుచేత చీటీపై లాటు సంఖ్యను సరిచూచుట మేలు. బ్రోకరు విషయమున కూడ ఇట్లే చేయవలెను. వారు పంపిన సర్టిఫికెట్టు ఫోటో ఋజువు కాదు. పేరుపొందిన సంస్థ యొక్క నిజమైన నమోదు సంఖ్యనే దొంగలు తమదిగా చూపుచున్నారు.

మొదటి పరీక్ష: సెబీ వెబ్‌సైటులో నమోదైన మధ్యవర్తుల జాబితా ఉన్నది. పేరును, సంఖ్యను అక్కడ వెదకవలెను. కనబడినచో అక్కడ వ్రాసియున్న ఫోను నంబరుకే మాటలాడి, “ఈ గ్రూపు, ఈ యాప్ మీదేనా?” అని అడుగవలెను. గ్రూపులో ఇచ్చిన నంబరుకు ఫోను చేసి అడుగుట, దొంగనే కాపలా ఉంచుట వంటిది.

రెండవ పరీక్ష: సొమ్ము చేరు ఖాతాను సరిచూచుట. 2025 అక్టోబరు 1 నుండి సెబీ ఇందులకొక ఏర్పాటు చేసినది. నమోదైన సంస్థల యూపీఐ చిరునామాలో ‘@’ గుర్తు తరువాత ‘వ్యాలిడ్’ అను మాటయు, దానిని అంటి బ్యాంకు పేరును ఇంగ్లీషులో ఉండును. బ్రోకరు అయినచో ఆ గుర్తుకు ముందు ‘బి.ఆర్.కె.’ అను మూడక్షరములుండును. చెల్లించునపుడు ఆకుపచ్చ త్రిభుజములో బొటనవ్రేలు ఎత్తిన గుర్తు కనబడవలెను. బ్యాంకు ఖాతా సంఖ్య ఇచ్చినచో ‘సెబీ చెక్’ అను సాధనములో ఆ సంఖ్యను, ఐ.ఎఫ్.ఎస్. కోడును వ్రాసి, అది నమోదైన సంస్థదో కాదో తెలిసికొనవచ్చును.

మూడవ పరీక్ష: సందేహమున్నచో సెబీ వారి ఉచిత ఫోను 1800 266 7575 కు మాటలాడవచ్చును.

ఈ మూడు పరీక్షలకు అరగంట చాలును. “అరగంటలో అవకాశము పోవును” అని ఎవరైన తొందరపెట్టినచో, ఆ తొందరయే నాలుగవ పరీక్ష.

విదేశీ మారకము, డబ్బా వ్యాపారము

డాలరు, యూరో ధరలపై పందెము వేయించు ‘ఫారెక్స్’ యాప్‌లు మరొక జాతి చీడ. 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టము ప్రకారము మన దేశవాసులు రిజర్వు బ్యాంకు అనుమతించిన సంస్థలతో, వేదికలపై మాత్రమే ఈ వ్యాపారము చేయవచ్చును. అనుమతి లేని వేదికల హెచ్చరిక జాబితాను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో 34 పేర్లతో మొదటిసారి ప్రకటించినది. తరువాత దానిని పెంచుచు వచ్చినది. జాబితాలో పేరు లేనంత మాత్రమున ఆ యాప్‌కు అనుమతి ఉన్నట్లు కాదు. ఈ చట్టము తెలియక సొమ్ము పంపినవారు నష్టపోవుటయే గాక చట్టమును ఉల్లంఘించినవారు కూడ కావచ్చును.

కొన్ని పట్టణములలో ‘డబ్బా ట్రేడింగు’ అను మరొక పద్ధతి కలదు. ఎక్స్ఛేంజికి పోకుండ, కాంట్రాక్టు నోటు లేకుండ, ఒక చిట్టాపుస్తకములోనో, యాప్‌లోనో పందెములు వ్రాసికొందురు. 1956 నాటి సెక్యూరిటీల కాంట్రాక్టుల చట్టము క్రింద ఇది నేరము. ఇందులకు పదేండ్ల వరకు జైలు, 25 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

సరకుల వ్యాపారము పేరుతో వచ్చువారి విషయములో రైతులు మరొకటి గుర్తుంచుకొనవలెను. నిజామాబాదు కేంద్రముగా పసుపు ఫ్యూచర్సు ఎన్.సి.డి.ఇ.ఎక్స్. అను గుర్తింపు గల ఎక్స్ఛేంజిలో నడచుచున్నవి. కాని బాస్మతి కాని ధాన్యము, గోధుమ, శనగ, ఆవాలు, సోయాచిక్కుడు, పెసర, ముడి పామాయిలు ఫ్యూచర్సును సెబీ 2021 డిసెంబరులో నిలిపివేసినది. ఆ నిలుపుదలను తరువాత పలుమార్లు పొడిగించినది. ఎవరైన “ధాన్యము ఫ్యూచర్సులో లాభములు” అని పిలిచినచో, ఆ సరకు వ్యాపారము గుర్తింపు గల ఎక్స్ఛేంజిలో ఉన్నదా యని మొదట అడుగవలెను.

సొమ్ము పోయినపుడు చేయవలసిన పనులు

మొదటి గంట విలువైనది. సొమ్ము ఖాతాలు మారుచుండగనే పట్టుకొనవలెను. నగదుగా మారిన పిమ్మట పట్టుకొనుట కష్టము. కావున సిగ్గుపడి, మరునాడు చూతమని ఊరకుండరాదు.

1. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఇది సైబరు ఆర్థిక నేరములకై దేశమంతటికి ఏర్పరచిన నంబరు. సొమ్ము పంపిన సమయము, మొత్తము, తమ ఖాతా సంఖ్య, చేరిన ఖాతా లేక యూపీఐ చిరునామా, లావాదేవీ సంఖ్య చెప్పవలెను. అక్కడనుండి సంబంధిత బ్యాంకులకు సమాచారము పోవును. ఆ సొమ్ము ఇంకను ఏదేని ఖాతాలో నున్నచో దానిని నిలిపివేయుదురు.

2. వారిచ్చిన ఫిర్యాదు సంఖ్యతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో పూర్తి వివరములు జాప్యము లేక నింపవలెను. స్వయముగా నింపలేనివారు చదువుకొనిన పిల్లల సహాయము గాని, మీసేవ కేంద్రము సహాయము గాని పొందవచ్చును.

3. తమ బ్యాంకు శాఖకు తెలిపి, వ్రాతపూర్వకముగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనవలెను. దొంగలకు ఫోను అప్పగించి యున్నచో తెరను పంచుకొను యాప్‌ను తీసివేసి, బ్యాంకు రహస్య సంఖ్యలన్నిటిని వేరొక ఫోను నుండి మార్చవలెను.

4. పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేయవలెను. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదును ఏ ఠాణాలోనైనను ఇయ్యవచ్చును. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను, సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను ఇట్టి మోసములకు వర్తించును.

5. వాట్సాప్ సంభాషణలు, యాప్, ఫోను నంబర్లు, చెల్లింపు రసీదులు తుడిచివేయరాదు. కోపముతో గ్రూపు నుండి వెడలిపోవుటకు ముందే వాని ఫోటోలు తీసి ఉంచుకొనవలెను. ఇవియే సాక్ష్యములు.

6. ఇక ఒక్క రూపాయి కూడ పంపరాదు. కొన్ని దినములకు “పోయిన సొమ్ము తెప్పించెదము, కొంత రుసుము కట్టుడు” అని న్యాయవాది పేరుతోనో, సెబీ అధికారి పేరుతోనో ఫోను రావచ్చును. తరచుగా వారు ఆ ముఠావారే. పోయిన పొలముపై రెండవమారు పడు మిడుతల దండు వంటివారు.

సెబీ వారి ‘స్కోర్స్’ ఫిర్యాదుల విధానము నమోదైన సంస్థలపై ఫిర్యాదులకు ఏర్పడినది. ఎక్స్ఛేంజిల పరిహార నిధి కూడ నమోదైన బ్రోకర్ల ఖాతాదారులకే. నమోదు లేనివాని చేతిలో సొమ్ము పెట్టినవానికి ఈ రెండు గొడుగులును లేవు. ఖాతాదారుడు తానే పంపిన సొమ్మునకు బ్యాంకు పరిహారము చెల్లించునని కూడ ఆశింపరాదు. అయినను ఖాతాలలో నిలిపివేసిన సొమ్మును న్యాయస్థానపు ఉత్తరువులతో, లోక్ అదాలతుల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించు పని తెలంగాణలోను, ఇతర రాష్ట్రములలోను జరుగుచున్నది. తిరిగి వచ్చు అవకాశము ఎంతయనునది ఫిర్యాదు ఎంత త్వరగా చేరినదను దానిపై ఆధారపడియుండును.

ఖాతా అద్దెకిచ్చుట నేరములో పాలు

“నీ బ్యాంకు ఖాతా, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ము ఒక నెల మాకిమ్ము, పదివేలిచ్చెదము” అని గ్రామములలో యువకులను అడుగువారు బయలుదేరినారు. దొంగిలించిన సొమ్ము పారు కాలువలు ఈ ఖాతాలే. ఒక జిల్లా రైతు పోగొట్టుకొనిన సొమ్ము మరొక జిల్లా కూలీ ఖాతా మీదుగా పోవుచున్నది. పోలీసులు మొదట వచ్చునది ఆ ఖాతా ఎవరి పేరుతో నున్నదో వారి ఇంటికి. ఖాతా స్తంభించినచో అందులో పడు పి.ఎం. కిసాన్ సొమ్ము, ఉపాధి కూలీ, గ్యాసు రాయితీ అన్నియు ఆగిపోవును. ఖాతాను పట్టాదారు పాసుపుస్తకము వలె కాపాడుకొనవలెను.

మరొక కోణము కూడ గమనింపదగినది. ఈ సందేశములను పంపువారు అందరును ఇష్టపడి చేయువారు కారు. మయన్మారులో 1,20,000 మంది, కంబోడియాలో 1,00,000 మంది ఇట్టి మోసపు కేంద్రములలో నిర్బంధములో ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయము 2023 ఆగస్టులో తెలిపినది. కంప్యూటరు ఉద్యోగమని నమ్మి పోయి కంబోడియాలో చిక్కుకొనిన మన యువకుల ఉదంతమును విశాఖపట్నము పోలీసులు 2024 మే నెలలో వెలికితీసిరి. కావున “విదేశములో డేటా ఎంట్రీ ఉద్యోగము, ఇంటర్వ్యూ లేదు, టిక్కెట్టు మేమే కొందుము” అను మాటను కూడ ఇదే చీడకు చెందిన మరొక గ్రుడ్డుగా చూడవలెను.

గ్రామాధికారులు చేయదగిన పనులు

పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణాధికారి, సహకార సంఘము కార్యదర్శి, బ్యాంకు మిత్ర అను నలుగురు పూనుకొనిన గ్రామములో ఈ మోసము వ్రేళ్ళూనుట కష్టము.

1930 సంఖ్యను పంచాయతీ కార్యాలయము, పాలకేంద్రము, ఎరువుల దుకాణము గోడలపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. పంట అమ్మకములు జరుగు నెలలలో రైతు వేదికలోనో, రైతు సేవా కేంద్రములోనో ఈ పాఠమును ఒకమారు చదివి వినిపింపవలెను. మోసపోయినవానిని అందరియెదుట ఎగతాళి చేయరాదు. ఎగతాళికి వెరచి పదిమంది నోరు మూసికొన్నచో పదకొండవవాడు మోసపోవును. సొమ్ము పోయి క్రుంగియున్నవానిని ఒంటరిగా విడువరాదు; ఇంటివారికి చెప్పి తోడు ఉండునట్లు చూడవలెను. అట్టివారితో మాటలాడుటకు ప్రభుత్వము వారి ‘టెలి మానస్’ ఉచిత ఫోను 14416 కలదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ బావమరిది ఫోను చేసి, “బావా, నాకు వారంలో పదివేలొచ్చినయ్, నువ్వు కూడా చేరు” అనినాడు. ఆ పదివేలు అతని బ్యాంకు ఖాతాకు వచ్చినవా, యాప్ తెరపై కనబడినవా? ఖాతాకు వచ్చినను అది దేనికి ఋజువు, దేనికి కాదు?

2. ఒక బ్రోకరు పంపిన సర్టిఫికెట్టుపై సంఖ్య సెబీ జాబితాలో సరిపోయినది. సొమ్ము మాత్రము ఒక బట్టల దుకాణము ఖాతాకు పంపుమనుచున్నాడు. పంపవచ్చునా? ఏల పంపరాదు?

3. తెరపై 6 లక్షలు ఉన్నవి. తీసికొనుటకు 90,000 పన్ను కట్టవలెననుచున్నారు. వారిని అడుగవలసిన ఒక్క ప్రశ్న ఏది?

4. రాత్రి 9 గంటలకు మోసము తెలిసినది. బ్యాంకు మూసియున్నది. తెల్లవారువరకు ఆగవచ్చునా?

ఈ నాలుగింటికి ఇంటిలోని పెద్దలు, పిల్లలు తడుముకొనకుండ జవాబు చెప్పగలిగినచో పాఠము ఒంటబట్టినట్లే. గింజ గింజ కూర్చిన సొమ్మును ముఖము తెలియనివాని చేతిలో పోయుటకు ముందు అరగంట ఆగి ఆ మూడు పరీక్షలు చేయుడు. వచ్చే తొలకరికి విత్తనము ఇంటిలో నుండును.